చేత్తో కుట్టిన బొంతలు, ఎంబ్రాయిడరీ కానుకలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో మా ఇంటి వీధి అరుగు మీద ఆదివారం మధ్యాహ్నాలు నలుగురం సూదీ దారం పట్టుకుని కూర్చుంటాం. ఎవరో ఒకరు పాత చీరల మూటతో వస్తారు. మనవరాలి బారసాలకని ఒకరు, హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుక్కని ఒకరు, పెళ్ళయి వెళ్ళిపోతున్న చెల్లెలికని ఇంకొకరు. మనుషులు మారుతున్నా సందేహాలు మాత్రం అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీ పని ఎక్కడ ఆగిందో ఆ ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్ళి చదువుకోండి.

## మొదలుపెట్టే ముందు

నాకు కుట్టుపని బొత్తిగా రాదు. మొదటిసారే బొంత కుట్టి ఇవ్వగలనా?

ఇవ్వగలరు. బొంతకు కావలసింది ఒక్క పరుగు కుట్టు. సూది పైకీ కిందికీ వెళ్ళడమే, మరో విద్య లేదు. మొదట్లో కుట్టు చింతగింజంత పడుతుంది, వారం తిరిగేసరికి వడ్లగింజంత అవుతుంది. వంకరగా వచ్చిన తొలి వరుసలను విప్పేయాలని అందరికీ అనిపిస్తుంది. విప్పకండి. నేను మా తమ్ముడికి కుట్టిన మొదటి బొంతలో నడిమధ్య వరుసలు కాలవగట్టులా మెలికలు తిరిగి ఉంటాయి. వాడు ఇప్పటికీ వేలు పెట్టి తడిమి చూసేది ఆ చోటే.

ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి?

ఒక మనిషికి సరిపడే బొంత 45 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు అనుకుందాం. అంగుళానికొక వరుస చొప్పున నిలువుగా కుడితే సుమారు 45 వరుసలు. నాలుగు పొరల మీద ఒక్కో వరుసకు 25 నిమిషాలు పడుతుంది. అంటే 19 గంటల కుట్టు. రోజుకు గంటన్నర కూర్చోగలిగితే రెండు వారాలు. చీరలు ఉతికి ఆరబెట్టడానికి, పొరలు పరచడానికి, అంచు మడిచి కుట్టడానికి ఇంకో వారం కలుపుకోండి. అరంగుళానికి ఒక వరుస వేయాలనుకుంటే కుట్టే సమయం రెట్టింపవుతుంది. బారసాల కానుకైతే పురుటికి ముందే మొదలుపెట్టడం మేలు. బిడ్డ పుట్టాక ఆ ఇంట్లో ఎవరికీ తీరిక దొరకదు.

ఏ కొలతకు ఎన్ని చీరలు కావాలి?

మామూలు చీర ఐదున్నర మీటర్లు, అంటే సుమారు 216 అంగుళాలు. వెడల్పు 45 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. ఒక చీరలో 90 అంగుళాల ముక్కలు రెండు వస్తాయి, 36 అంగుళాల ముక్క మిగులుతుంది. కాబట్టి ఒక మనిషికి నాలుగు పొరల బొంత కావాలంటే రెండు చీరలు చాలు. మిగిలిన రెండు ముక్కలతో పసిబిడ్డకు చిన్న బొంత కూడా వస్తుంది. దంపతులకు 90 అంగుళాల చదరంగా కుట్టాలంటే నాలుగు చీరలు కావాలి. రెండేసి ముక్కలను పక్కపక్కన అతికించేటప్పుడు అన్ని పొరల అతుకులూ ఒకే గీత మీదకు రానివ్వకండి. అక్కడ గట్టు కట్టినట్టవుతుంది, పడుకుంటే వీపుకు తగులుతుంది. ఒక పొర అతుకు నడిమికి వస్తే తర్వాతి పొర అతుకును జానెడు పక్కకు జరపండి.

మనది ఉక్కపోత ప్రాంతం. బొంత ఇస్తే నిజంగా వాడతారా?

పలుచగా కుడితే వాడతారు. ధనుర్మాసంలో కాలవల మీద మంచు దిగే రాత్రులు, ముసురు పట్టిన శ్రావణ భాద్రపదాలు, ఇప్పుడు ఏసీ గదులు. ఈ మూడింటికీ మూడు నాలుగు పొరల నేత బట్ట సరిగ్గా సరిపోతుంది. మందపాటి రజాయిలు మన వాతావరణానికి బరువు.

బొంత కుట్టే ఓపిక లేదు. చిన్నగా ఏమి ఇవ్వవచ్చు?

గృహప్రవేశానికి గుమ్మం తోరణం కుట్టి ఇవ్వండి. మామిడాకులు గొలుసు కుట్టుతో (ఉచ్చులో ఉచ్చుగా గొలుసులా సాగేది), మధ్యలో బంతిపూలు ముడి కుట్టుతో (సూదికి దారం చుట్టి వేసే చిన్న బొడిపె). నాకు అంతకన్నా మంచి కానుక తోచదు. తాతగారికి చేతిరుమాళ్ళు, పెళ్ళి దంపతులకు దిండు గలీబులు, చదువుకునే పిల్లలకు పుస్తకాల సంచి. ఎవరికి ఇస్తున్నారో వారి చేయి రోజూ దేన్ని ముట్టుకుంటుందో చూడండి, ఆ వస్తువును ఎంచుకోండి.

## బట్ట, దారం, సూది

చనిపోయిన అమ్మ చీరలు కోయడానికి చేయి రావడం లేదు. ఏం చేయాలి?

కోయకండి. కోయనక్కర్లేకుండానే బొంత అవుతుంది. నేను ఎక్కువసార్లు జవాబు చెప్పినది ఈ ప్రశ్నకే.

చీరను పొడవు వైపు సగానికి మడవండి, దాన్ని మళ్ళీ సగానికి మడవండి. 216 అంగుళాల చీర 54 అంగుళాలకు వస్తుంది, వెడల్పు 45 అలాగే ఉంటుంది. కత్తెర ముట్టకుండానే నాలుగు పొరలు తయారు. కొంగు పై పొరగా రావాలంటే కొంగు చివరను పైకి ఉంచి మడత మొదలుపెట్టండి. పరుగు కుట్టు వేసి అంచులు మూస్తే ఒళ్ళో కప్పుకునే బొంత, లేదా చంటిపిల్లను పడుకోబెట్టి ఆడించే బొంత. రేపు ఎప్పుడైనా మనసు మారితే దారం లాగేయవచ్చు. సూది బెజ్జాలు ఒక ఉతుకుతో చాలావరకు పూడుకుంటాయి, చీర మళ్ళీ చీరవుతుంది. ఈ సంగతి తెలియగానే చాలామంది ధైర్యంగా సూది పడతారు.

అక్కచెల్లెళ్ళు ముగ్గురు ఉండి చీర ఒక్కటే ఉంటే కోయక తప్పదు. అప్పుడైనా ముగ్గురూ కలిసి కూర్చున్న రోజే కోయండి. కొంగు ఎవరికి, అంచు ఎవరికి అన్న మాట ముందే అనుకోండి. పోయినవారి బట్టలు దాచుకునే ఇళ్ళూ ఉన్నాయి, ఎవరికైనా ఇచ్చేసే ఇళ్ళూ ఉన్నాయి. ఇంట్లో పెద్దవారిని ఒక మాట అడిగి మొదలుపెడితే తర్వాత ఎవరికీ నొప్పి ఉండదు.

ఆ చీరను ముందుగా ఉతకాలా అని కూడా అడుగుతుంటారు. ఉతకాలి, చెమట మరకలు బట్టను తినేస్తాయి. వాసన పోతుందన్న బెంగ ఉంటే రవిక గుడ్డంత ముక్కో, ఒక చేతిరుమాలో ఉతకకుండా విడిగా దాచుకోండి.

పాత చీర కుట్టుకు ఆగుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. జల్లెడలా కనిపించే చోటు నలిగిపోయినట్టు. రెండు బొటనవేళ్ళతో అడ్డంగా మెల్లగా లాగండి, పోగులు విడిపోతే ఆ భాగం పైపొరకు పనికిరాదు. సాధారణంగా పాదాల దగ్గర రాసుకునే కుచ్చిళ్ళ అంచు, భుజం మీద పిన్ను గుచ్చే చోటు ముందుగా పోతాయి. నలిగిన ముక్కలను పారేయకండి. లోపలి పొరగా వేస్తే బొంతకు మెత్తదనం ఇచ్చేవి అవే.

పట్టుచీరతో బొంత కుట్టవచ్చా?

కప్పుకునే బొంతకు వద్దంటాను. పాత పట్టు మడతల దగ్గర నిలువునా చీలిపోతుంది, జరీ గీసుకుంటుంది, నీళ్ళలో ఉతకడమూ కష్టం. గోడకు తగిలించే పటంగానో, దిండు గలీబుగానో, నగల సంచిగానో మార్చండి. ఉప్పాడ జాందానీ అయితే బుటాను పోగు పోగుగా మగ్గం మీదే నేస్తారు కాబట్టి బుటా చుట్టూ గీత పెట్టి కోసేస్తే అంచు పోగులు ఊడివస్తాయి. అరంగుళం అదనంగా వదిలి, లోపలికి మడిచి, వేరే బట్ట మీద సన్నని హెమ్మింగుతో అతికించండి.

నాన్నగారి పంచెలు, లుంగీలు పనికొస్తాయా?

అడుగు పొరకు పాత పంచెను మించిన బట్ట లేదు. లుంగీ గళ్ళు ఇంకో మేలు చేస్తాయి. గీత గీయకుండానే ఆ గళ్ళ వెంట కుట్టుకుంటూ పోవచ్చు.

ఎర్ర చీర రంగు దిగి మిగతావి పాడవుతాయేమోనని భయం. ఉప్పు నీళ్ళలో నానబెడితే సరిపోతుందా?

సరిపోదు. బట్టకు రంగు పట్టించేటప్పుడు ఉప్పు సాయపడుతుందే కానీ, వదులుతున్న రంగును తర్వాత నిలబెట్టలేదు. తడి తెల్లగుడ్డతో చీర మీద గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు అంటితే ఆ చీరను విడిగా, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఎన్నిసార్లయినా ఉతకండి. ఐదారు ఉతుకుల తర్వాతా వదులుతూనే ఉంటే దాన్ని ఈ పనికి వాడకండి. కొత్త బట్ట కలుపుతుంటే దాన్నీ ముందుగా నానబెట్టి ఆరబెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకులో అదొక్కటే కుంచించుకుపోయి బొంత అంతా గుంజుకుంటుంది.

లోపల దూది పెట్టాలా?

మన ప్రాంతంలో అక్కర్లేదు. విడి దూది ఉతికితే ఉండలు కడుతుంది. బూరుగు దూది మరీ జారుడుగా ఉంటుంది, దిండ్లకు బాగుంటుంది కానీ బొంతలో ఒక మూలకు చేరిపోతుంది. చలిదేశాలకు పంపే బొంతలో మాత్రం మధ్యన ఒక మెత్తటి ఫ్లానెల్ పొర వేయండి, బరువు పెరగకుండా వెచ్చదనం వస్తుంది.

ఏ దారం, ఏ సూది కొనాలి?

బొంతకు గట్టి నూలు దారం. నైలాను దారం తెగదు కానీ మెత్తబడిన పాత బట్టను అదే కోసేస్తుంది. ఎంబ్రాయిడరీకి ఆరు పోగుల నూలు దారం కొని, విడదీసి రెండు మూడు పోగులతో కుట్టండి. దారం మూరెడు మించి ఎక్కించకండి, పొడవైతే చిక్కులు పడుతుంది, బట్టలోంచి లాగిలాగి నూగు లేస్తుంది. సూది అంకె పెరిగేకొద్దీ సన్నబడుతుందని గుర్తుంచుకోండి. నాలుగు పొరల్లోంచి లాగేటప్పుడు మధ్యవేలికి అంగుస్తానా, అంటే సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగే చిన్న టోపీ, తప్పనిసరి. రాజమహేంద్రవరం తాడితోట బట్టల బజారుకు వెళ్ళేవారు ముందే ఒక ముక్క చీరను వెంట తీసుకెళ్ళండి. దారం రంగు ఇంట్లో అనుకున్నట్టు అక్కడ కనిపించదు.

## కుట్టేటప్పుడు

సగం కుట్టేసరికి అడుగు పొర ముడతలు పడుతోంది. ఎందుకు?

రెండు కారణాలు. పొరలకు టాకాలు (పొరలు కదలకుండా ముందుగా వేసే తాత్కాలికపు కుట్లు) వేయకపోవడం, ఒక అంచు నుంచి మొదలుపెట్టడం. నేల తుడిచి, ఆరాక, అడుగు పొరను బిగుతుగా పరచి నాలుగు మూలలా బరువు పెట్టండి. మా ఇంట్లో బియ్యం డబ్బాలు పెడతాం. ఒక్కో పొరా పరిచి అరచేత్తో మధ్య నుంచి అంచులకు నిమరండి. తర్వాత జానెడు దూరానికొక వరుస చొప్పున నిలువుగా, అడ్డంగా పెద్ద పెద్ద టాకాలు వేయండి. అసలు కుట్టును నడిమధ్యన మొదలుపెట్టి ఇరువైపులకూ జరగండి. అప్పుడు అదనపు బట్ట ఏమైనా ఉంటే అంచుకు వెళ్ళిపోతుంది, కోసి సరిచేసుకోవచ్చు. ఇప్పటికే ముడత పడి ఉంటే ఆ చుట్టుపక్కల నాలుగైదు వరుసలు విప్పక తప్పదు.

దారం ముడి పైకి కనిపించకుండా ఎలా?

చిన్న ముడి వేసి, మొదలుపెట్టే చోటికి అంగుళం దూరంలో పైపొరలోకి మాత్రమే సూది దింపి, పొరల మధ్యగా నడిపి పైకి తీయండి. చిన్నగా లాగితే టక్కున శబ్దమై ముడి లోపలికి వెళ్ళిపోతుంది.

మిషను మీద కుట్టేస్తే తప్పా?

తప్పేమీ లేదు. ముక్కలు అతికించడానికి, అంచు మొదటి కుట్టుకు మిషను వాడండి, గట్టిగా ఉంటుంది. పొరలను పట్టి ఉంచే పరుగు కుట్టు మాత్రం చేత్తోనే వేయమంటాను. చేతి కుట్టు వదులుగా ఉంటుంది, బొంత ఒంటికి ఒదిగిపోతుంది. మిషను కుట్టు పడితే అట్టలా నిలబడుతుంది.

కుట్టుతున్న బట్ట మీద మరకలు పడుతున్నాయి. ఎలా తీయాలి?

వేలికి సూది గుచ్చుకుని రక్తం అంటితే వెంటనే చన్నీళ్ళతో కడగండి. వేడినీళ్ళు తగిలితే మరక పట్టేస్తుంది. తుప్పు మరక తీయడం కష్టం కాబట్టి రానివ్వకపోవడమే మంచిది. మన గాలిలో తేమ ఎక్కువ, రాత్రి సూదిని బట్టలోనే గుచ్చి వదిలేస్తే వానాకాలంలో తెల్లారేసరికి ఎర్రటి చుక్క కనిపిస్తుంది. లేచేటప్పుడు సూది తీసేయండి. ఎంబ్రాయిడరీ రింగు కూడా విప్పేయండి, లేదంటే గుండ్రటి మురికి గీత నిలిచిపోతుంది.

## ఎంబ్రాయిడరీ

డిజైనును బట్ట మీదకు ఎలా దించాలి?

లేత రంగు బట్టకు కిటికీ అద్దం చాలు. కాగితాన్ని అద్దానికి అంటించి, పైన బట్ట పెట్టి పెన్సిలుతో గీయండి. ముదురు రంగుకు పసుపు కార్బను కాగితం. ఒకే డిజైనును పదిచోట్ల వేయాలంటే మగ్గం పనివారి పద్ధతి మంచిది. ట్రేసింగు కాగితం మీద గీతల వెంట సూదితో బెజ్జాలు పొడిచి, కిరసనాయిలులో కలిపిన నీలం పొడిని దూదితో రుద్దుతారు. చుక్కలు చక్కగా దిగుతాయి, కిరసనాయిలు ఆరిపోతుంది. బాల్‌పెన్నుతో మాత్రం గీయకండి.

తెలుగులో పేరు కుడితే అక్షరాలు ముద్దగా వస్తున్నాయి. ఎలా?

మన అక్షరాలన్నీ గుండ్రాలు, పైగా తలకట్టు, కింద వత్తు. అక్షరం కనీసం అంగుళం ఎత్తు ఉంటే తప్ప వత్తు విడిగా కనిపించదు. గొలుసు కుట్టు లావుగా ఉంటుంది కాబట్టి పేర్లకు పనికిరాదు. రెండు పోగులతో కాడ కుట్టు (ఒక కుట్టు పక్కనే ఇంకొకటి ఆనుకుని సన్నని గీతలా సాగేది) వేయండి, వంపుల్లో కుట్టును సగానికి సగం చిన్నది చేయండి. వత్తులకు ఒక్క పోగు చాలు.

ఇంకొక మాట. అచ్చు అక్షరాలకన్నా మనవారి చేతిరాత బాగుంటుంది. నాన్నగారి పాత ఉత్తరంలో ‘చిరంజీవి’ అని రాసిన ముక్కను ట్రేసింగు కాగితం మీదకు ఎత్తి, నీలం సిరా రంగు దారంతో కుట్టి చూడండి. ఎవరికి ఇచ్చినా దాన్ని చదివేముందు ఒక్క క్షణం ఆగిపోతారు.

గోదావరి గుర్తుకొచ్చే డిజైన్లు ఏమున్నాయి?

నా మొదటి ఓటు ముగ్గులకు. మీ అమ్మగారు సంక్రాంతికి వేసే చుక్కల ముగ్గును అవే చుక్కలతో బట్ట మీద పెట్టి, పరుగు కుట్టుతో మెలికలు తిప్పండి. బొంత పొరలు పట్టి ఉంచడానికీ అదే కుట్టు పనికొస్తుంది. కొబ్బరిమట్ట ఈనెకు కాడ కుట్టు, ఆకులకు పొడవాటి విడి కుట్లు. లంకల్లో (నది మధ్య దీవుల్లో) తెరచాప పడవ, వరిచేలో కొంగ. రాజమహేంద్రవరం కమానుల రైలు వంతెన చాలా తేలిక, అన్నీ అర్ధచంద్రాలే. 28 కమానులూ కుట్టనక్కర్లేదు, కింద నీటి గీతలు రెండు వేసి నాలుగు కమానులు పెడితే ఈ ఊళ్ళ వారెవరైనా గుర్తుపడతారు.

బొంత అంచుకు నరసాపురం లేసు కుట్టవచ్చా?

తప్పకుండా. అది క్రోషా సూదితో నూలు దారాన్ని అల్లే పని. 19వ శతాబ్దం మధ్యలో స్కాట్లాండు మిషనరీలు నేర్పితే ఇక్కడి ఆడవారి చేతుల్లో స్థిరపడింది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అల్లినవారికి న్యాయమైన వెల ఇచ్చి కొనండి, ఒక్కో మూర వెనక ఎన్ని గంటలుంటాయో సూది పట్టిన మనకు తెలుసు. కుట్టే ముందు లేసును తడిపి ఆరబెట్టండి, మూలల దగ్గర కొంచెం కుచ్చు పెట్టండి. లేకపోతే మూల ముడుచుకుంటుంది.

## ఇచ్చేటప్పుడు

బారసాలకు ఇస్తున్నాను. పేరు ముందే కుట్టవచ్చా?

పేరు పెట్టేదాకా బయటపెట్టని ఇళ్ళు చాలా ఉన్నాయి. ఒక మూల జానెడు చోటు ఖాళీగా వదిలి ఇవ్వండి. తర్వాత ఒక మధ్యాహ్నం వెళ్ళి, బిడ్డ ఉయ్యాలలో నిద్రపోతుండగా అక్కడే కూర్చుని పేరు కుట్టి రండి.

పాత చీరలతో కుట్టింది ఇస్తే వియ్యపురాలు ఏమైనా అనుకుంటారేమో?

పుట్టిన బిడ్డను పెద్దవారి మెత్తని పాత చీర పొత్తిళ్ళలో చుట్టడం మన ఇళ్ళలో ఉన్నదే. అయినా మొహమాటంగా ఉంటే ఎవరి చీర ఎక్కడ వేశారో చిన్న కాగితం మీద రాసి పెట్టండి. “పైన మా అమ్మ నేత చీర, అడుగున తాతగారి పంచె” అని చదివాక ఎవరూ పాత బట్టగా చూడరు. శుభకార్యమైతే నలుపు రంగు వాడకండి, చిరుగు కనపడనివ్వకండి, అంచుకు కాస్త పసుపు రాయండి.

పసిబిడ్డ వస్తువు కుట్టేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

అద్దాలు, పూసలు, బొత్తాలు, జరీ ఏవీ వద్దు. ఊడితే నోట్లో పెట్టుకుంటారు. ఎంబ్రాయిడరీ వెనుక వైపు ముడులు గీసుకుంటాయి, మెత్తని అస్తరు వేసి మూసేయండి. ఏడాదిలోపు బిడ్డ నిద్రపోతున్నప్పుడు వదులు బొంత మొహం మీదకు జరిగితే ఊపిరికి అడ్డం. బిడ్డ మేలుకుని ఉన్నప్పుడు, పెద్దవారి కళ్ళెదుట, అడుగున పరిచి ఆడించడానికే అది అని తల్లికి చెప్పి ఇవ్వండి.

మరో సంగతి చాలామందికి తెలియదు. కలరా ఉండలు వేసి దాచిన బట్టలు పసిపిల్లలకు ప్రమాదం. జీ సిక్స్ పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఆ ఉండల ఆవిరి వల్ల ఎర్రరక్తకణాలు చిట్లి కామెర్లు ముదురుతాయి. బీరువాలో వాటి వాసన పట్టిన పాత చీరను పసిబిడ్డ బొంతకు తీసుకోకపోవడమే క్షేమం.

విదేశంలో ఉన్న అమ్మాయికి పంపాలి. బరువవుతుందా?

రెండు చీరల బొంత సుమారు కిలో తూగుతుంది. ఎవరైనా వెళ్ళేవారి పెట్టెలో బట్టల చుట్టూ చుట్టేయవచ్చు. బాగా ఎండబెట్టి, చల్లారాక మడవండి.

## ఇచ్చాక

బొంతను ఎలా ఉతకాలి?

చన్నీళ్ళు, తక్కువ సబ్బు. బండకేసి బాదకూడదు, మెలిపెట్టి పిండకూడదు. కుంకుడు రసం మంచిదే కానీ తెల్లబట్టకు లేత గోధుమ ఛాయ తెస్తుంది. తడిసిన బొంతను ఒకే తాడు మీద వేస్తే బరువుకు కుట్లు సాగుతాయి. రెండు తాళ్ళ మీద పరవండి, లేదా నులక మంచం మీద బోర్లా వేయండి.

వానాకాలంలో బూజు పట్టకుండా ఎలా దాచాలి?

గంజి పెట్టవద్దు, పురుగులు దానికే చేరతాయి. ప్లాస్టిక్ కవరు అంతకన్నా చేటు, లోపలి తేమ బయటకు పోదు. పాత పంచెలో చుట్టి, ఎండిన వేపాకు గుడ్డమూట పక్కన పెట్టండి. ఆషాఢం నుంచి కార్తీకం దాకా ఎండ పొడ కనిపించిన ప్రతిసారీ తీసి గంటసేపు ఆరబెట్టండి, ప్రతిసారీ మడత మార్చి పెట్టండి. వరదనీళ్ళు వచ్చే లంక ఊళ్ళవారు నేలమీది పెట్టెలో కాక అటక మీద దాచుకోవాలి.

నేను ఇచ్చిన బొంతను బీరువాలో భద్రంగా దాచేశారు. కప్పుకోవడమే లేదు. ఏమనాలి?

“మాసిపోతుందని దాచకండి, చిరిగితే నేనే బాగుచేస్తాను” అని చెప్పండి. వాడితే పాడవుతుందన్న భయం ఆ మాటతో పోతుంది. మా అత్తగారు నా బొంతను రెండేళ్ళు ముట్టుకోలేదు. ఈ మాట చెప్పిన రోజు రాత్రే తీసి కప్పుకున్నారు.

కొన్నేళ్ళకు చిరిగితే ఎలా బాగుచేయాలి?

చిరిగిన చోటు కన్నా అన్ని వైపులా రెండంగుళాలు పెద్ద ముక్క తీసుకుని, అంచులు లోపలికి మడిచి హెమ్మింగు చేసి, దాని మీదుగా పాత వరుసల దారిలోనే మళ్ళీ పరుగు కుట్టు వేయండి. అదే చీర ముక్క దొరికితే అతుకు కనిపించదు. అందుకే నేను ప్రతి బొంత అడుగు పొరకు ఒక మూలన జానెడు చీరముక్కను టాకాలతో కుట్టి పంపుతాను.